లోతు సముద్రపు ప్లవకాలపై పరిశోధన: మా అమ్మాయికి భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మాది భీమవరం, రొయ్యల సాగు. బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరంలో ఉన్న మా అమ్మాయి, లోతు సముద్రంలోని జైగాంటోసైప్రిస్ అనే జీవి ఎక్కడెక్కడ ఎంతెంత సైజుకు పెరుగుతుందో పరిశోధిస్తానంటోంది. ఓడల్లో వెళ్లాల్సి వస్తుందట. ఇందులో ఉపాధి ఉందా?

జవాబు: ప్లవకాలంటే నీటి ప్రవాహాలతో తేలిపోయే జీవులు. వాటిలో ఆస్ట్రాకాడ్‌లు అనేవి రెండు చిప్పల పెంకు గల, రొయ్యలకు దూరపు బంధువులు. సముద్రంలో తేలియాడే ఆస్ట్రాకాడ్‌లలో అధికశాతం కొన్ని మిల్లీమీటర్లకు మించవు. వాటిలోనే ఒకటైన జైగాంటోసైప్రిస్ మాత్రం మూడు సెంటీమీటర్ల దాకా పెరిగే గుండ్రని నారింజరంగు జీవి. దాదాపు వెయ్యి మీటర్ల లోతున, ఎండ చేరని చల్లని నీటిలో ఉంటుంది. రొయ్య పెద్దదయ్యాక కూడా మోల్ట్ అవుతుందని, అంటే పాత పెంకు విడిచి కొత్తది తొడుక్కుంటుందని మీకు తెలుసు. ఆస్ట్రాకాడ్ ప్రౌఢదశకు వచ్చాక మళ్లీ పెంకు మార్చదు కనుక, దాని పరిమాణం చివరి మోల్ట్‌తోనే ఖాయమవుతుంది. అందువల్ల ఒకే జాతి ప్రౌఢజీవులు ఒకచోట పెద్దవిగా, మరోచోట చిన్నవిగా ఉంటే, అవి పెరిగిన నీటి చల్లదనమో, దొరికిన ఆహారమో కారణమా అని అడగడానికి వీలుంటుంది.

అయితే ఆ ప్రశ్నకు జవాబు తేలికగా రాదు. నిర్ణీత లోతుల్లో తెరుచుకుని మూసుకునే వలలతో నమూనాలు పట్టి, ఆడ, మగ, పిల్ల దశలను సూక్ష్మదర్శిని కింద వేరుచేసి, ఒక్కొక్క పెంకునూ కొలవాలి. దశలు కలిసిపోతే లేని తేడా ఉన్నట్టు కనబడుతుంది. పరిమాణం రెండు గుంపులుగా చీలితే అవి రెండు వేర్వేరు జాతులేమోనని డీఎన్‌ఏతో సరిచూడాలి. అందుకే జీవిపై ఇష్టం ఒక్కటే చాలదని నా అభిప్రాయం. రోజంతా కొలతలు తీసే ఓపిక, గణాంకశాస్త్రంపై పట్టు ఉండాలి. ఈ వేసవిలోనే ఆమెను ఏదైనా ప్లవకాల ప్రయోగశాలలో కొన్ని వారాలు పని చేయనివ్వండి.

చదువు విషయానికి వస్తే, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సముద్ర జీవవనరుల విభాగం ఉంది. జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థకు గోవాతో పాటు విశాఖపట్నంలోనూ కేంద్రం ఉంది. కొచ్చిలోని సముద్ర జీవవనరులు, పర్యావరణ కేంద్రం సాగర్ సంపద ఓడను నడుపుతోంది. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే, మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ లభిస్తుంది. 2021లో కేంద్రం ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్‌లో లోతు సముద్రపు జీవవైవిధ్యం కూడా ఒక భాగం.

శాశ్వత శాస్త్రవేత్త పోస్టులు మాత్రం తక్కువ, నోటిఫికేషన్లు తరచుగా రావు. పీహెచ్‌డీ తర్వాత కూడా కొన్నేళ్లు తాత్కాలిక ప్రాజెక్టులతో గడపాల్సి రావచ్చు. ఇంటి ఆర్థిక స్థితి ఆ నిరీక్షణను తట్టుకోగలదా అన్నది మీరిద్దరూ ముందే మాట్లాడుకోవాలి. నమూనాల గుర్తింపు, గణాంకాలు నేర్చినవారికి మత్స్యశాఖ సర్వేల్లో, పర్యావరణ ప్రభావ అంచనాల్లో, అధ్యాపకత్వంలో పని దొరికే అవకాశం ఉంది.

ఓడ గురించి మీ ఆందోళన సహజమే. సముద్ర శాస్త్రవేత్త అదితి పంత్ 1983లోనే భారత యాత్రాబృందంతో అంటార్కిటికాకు వెళ్లారు. ఇప్పుడు మన పరిశోధక నౌకల్లో మహిళలు పనిచేస్తున్నారు. ఏ సంస్థలో చేరినా, అక్కడ ఇప్పటికే యాత్రలకు వెళ్లివచ్చిన పరిశోధక విద్యార్థినులతో మీ అమ్మాయిని, వీలైతే మీరు కూడా, నేరుగా మాట్లాడి తెలుసుకోమని నా సూచన.