ఓర్కా తెలుగులో చదవాలంటే

ప్రశ్న: చూపు తగ్గిన మా నాన్నగారికి ఉబుంటు కంప్యూటర్‌లో, తెర మీది మాటల్ని చదివి వినిపించే ఓర్కా పెట్టాం. ఇంగ్లిష్ చదువుతోంది, తెలుగు వార్తలు సరిగా చదవట్లేదు. వేరే ఏదైనా కొనాలా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ఏమీ కొనక్కర్లేదమ్మా. తెర మీది మాటల్ని ఓర్కా స్పీచ్ డిస్పాచర్ అనే మధ్యవర్తి ప్రోగ్రాముకి అందిస్తుంది, అది ఈస్పీక్ ఎన్‌జీ అనే గొంతు ప్రోగ్రాము చేత పలికిస్తుంది. అందులో తెలుగు ఉంది. ఇన్సర్ట్, స్పేస్ కలిపి నొక్కండి. ఓర్కాలో ల్యాప్‌టాప్ కీబోర్డు లేఅవుట్ పెట్టుకుంటే క్యాప్స్‌లాక్, స్పేస్. ఓర్కా సెట్టింగుల్లో వాయిస్ దగ్గర సింథసైజర్‌గా ఈస్పీక్ ఎన్‌జీ, భాషగా తెలుగు ఎంచుకోండి. గొంతు యంత్రంలా ఉంటుంది, మొదట్లో చిరాకేస్తుంది. నేనూ చూపులేనివాణ్నే, రాజోలులో రోజూ పేపరు ఇలాగే వింటాను. స్పీడు మాత్రం మీరు పెట్టకండి, నాన్నగారినే సరిచేసుకోనివ్వండి. వినేది ఆయన కదా!