ఎర్ర లైటు వెలగని గీజరు

ప్రశ్న: మాది లాసన్స్ బే కాలనీలో మూడో అంతస్తు. 15 లీటర్ల గీజరు, 2000 వాట్లది. స్విచ్చేస్తే ఎర్ర లైటు వెలగడం లేదు, నీళ్లు వేడెక్కడం లేదు. మెకానిక్ వచ్చి మూతైనా విప్పకుండా "కాయిల్ పోయింది, కొత్తది కొనేయండి" అన్నాడు. కొనాల్సిందేనా?
– ఓ గృహిణి, విశాఖపట్నం

జవాబు: తొందరపడకండమ్మా. లైటు వెలుగుతూ నీళ్లు చల్లగా ఉంటే కాయిల్‌ని అనుమానించాలి. మీకు లైటే లేదు. చాలా మోడళ్లలో దానర్థం కాయిల్ దాకా కరెంటే చేరడం లేదని.

మీ ఇల్లు సముద్రానికి దగ్గర. ఉప్పుగాలికి కిటికీ గ్రిల్సు తుప్పు పట్టడం కంటికి కనబడుతుంది, ప్లగ్గు లోపల జరిగేది కనబడదు. ఇత్తడి పిన్నుల మీద పచ్చటి చిలుము చేరుతుంది, కాంటాక్టు వదులవుతుంది. గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగేసరికి ఆ వదులైన చోటే కాలుతుంది. ఎం.సి.బి. (మీటరు బోర్డులో గీజరుకి కరెంటు ఆపే స్విచ్చు) దించి, ప్లగ్గు పీకి చూడండి. పిన్ను మొదట్లో ప్లాస్టిక్కు గోధుమరంగుకి తిరిగిందా? చేప మాడినట్టు వాసన వస్తోందా? అయితే ప్లగ్గూ సాకెట్టూ రెండూ 16 ఆంపియర్లవి కొత్తవి వేయించండి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్నీ కాల్చేస్తుంది.

ప్లగ్గు బాగుంటే అనుమానం కటౌట్ మీదికి వెళ్తుంది. నీళ్లు మరీ కాగిపోతే కరెంటు ఆపేసే భాగం అది. కొన్నింటికి మూత కింద చిన్న బటన్ ఉంటుంది, నొక్కితే టక్కుమని మళ్లీ కలుస్తుంది. అది మీరు నొక్కొద్దు, ఎలక్ట్రీషియన్ చేతే నొక్కించండి. గీజరు ఆగిపోయే ముందు నీళ్లు పొగలు కక్కుతూ వచ్చాయేమో గుర్తు తెచ్చుకోండి. వచ్చుంటే, నీళ్లు సరిపడా వేడెక్కగానే కరెంటు ఆపాల్సిన థర్మోస్టాట్ అతుక్కుపోయినట్టే. దాన్ని మార్చకుండా బటన్ ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు.

(వైజాగులో గీజరెందుకని నవ్వేవాళ్లచేత పుష్యమాసంలో తెల్లారగట్ల తలస్నానం చేయించాలి. అది వేరే సంగతి.)

నిజంగా కాయిలే పోయిందంటే మల్టీమీటరు పెట్టి చూపించమనండి. 2000 వాట్ల కాయిల్ బాగుంటే 26 ఓమ్‌ల దరిదాపుల్లో చూపిస్తుంది. తెగితే అసలేమీ చూపించదు. అప్పుడైనా కాయిల్ ఒక్కటే మార్చుకోవచ్చు, ట్యాంకు కారుతుంటే తప్ప కొత్త గీజరు అక్కర్లేదు. మీది బోరునీళ్లయితే, విప్పినప్పుడే లోపలి సున్నపు పొర గీకించి, ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం రాడ్ అరిగిందేమో చూడమనండి.

స్విచ్చేయగానే ఇల్లంతా ట్రిప్పవుతుంటే మాత్రం ఇవేవీ చేయొద్దు. కరెంటు లీకవుతోందన్నమాట. ఎం.సి.బి. దించేసి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా పొయ్యి మీదే కాచుకోండి.