ఏనుగు బొమ్మలు వేస్తే ఇల్లు గడుస్తుందా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. నీట్ రాయనంటోంది, జంతువుల బొమ్మలు వేసుకుంటూ బతుకుతానంటోంది. అచ్చం ఫొటోలాగే వేస్తుంది, కాదనలేను. కానీ దాంతో ఇల్లు గడుస్తుందా? ఇంట్లో ఒకటే టెన్షన్. – ఒక తండ్రి

జవాబు: మీ భయంలో న్యాయం ఉందండీ. వన్యప్రాణుల చిత్రకారులకు మన దగ్గర నెల జీతాలిచ్చే కొలువులు దాదాపు లేవు. ఒక బొమ్మ అమ్ముడుపోతే కాస్త డబ్బు చేతికొస్తుంది, తర్వాత నెలల తరబడి ఏమీ రాకపోవచ్చు. ఈ రంగంలో పెద్ద పేరున్న కెనడా చిత్రకారుడు రాబర్ట్ బేట్‌మన్ కూడా ఇరవై ఏళ్లు స్కూల్లో పాఠాలు చెబుతూనే బొమ్మలు వేశారు. పూర్తిగా కుంచెనే నమ్ముకున్నది 1976లో, నలభై ఆరేళ్లప్పుడు. మీ అమ్మాయికీ పక్కన ఇంకో ఆదాయం ఉండాలి.

నీట్ మానేసినంత మాత్రాన బైపీసీ వృథా పోదు. జింక వెనకకాలు చూడండి. వెనక్కి వంగినట్టుండే కీలును మోకాలు అనుకుంటాం. అది మడమ! అసలు మోకాలు పైన, పొట్ట పక్కన ఉంటుంది. ఇది తెలియకపోతే బొచ్చు బ్రహ్మాండంగా వస్తుంది, జింక మాత్రం సరిగ్గా నిలబడదు. ఫొటోలు చూసి వేసేవాళ్లలో ఈ లోపం తరచూ కనిపిస్తుంది. పైగా ఇంకొకరి ఫొటోను చూసి అచ్చం అలాగే వేసి అమ్మితే కాపీరైట్ గొడవలు. అందుకే రద్దీ లేని రోజు చూసి తిరుపతి జూకి పంపండి. ఒకే జంతువు ముందు గంటల తరబడి కూర్చుని, అది కదులుతుండగానే పెన్సిల్‌తో గీయాలి. శేషాచలంలో దేవాంగపిల్లి, బంగారు బల్లి ఉన్నాయని అటవీ శాఖ అనుమతి లేకుండా అడవిలోకి పోనివ్వకండి. కౌండిన్య అభయారణ్యం ఏనుగుల కోసం పలమనేరు వైపు ఒంటరిగా అసలే వద్దు.

చదువంటారా, నాలుగేళ్ల బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం చూడండి. తిరుపతిలో టీటీడీ శిల్ప శిక్షణ సంస్థ దగ్గరే గానీ, అక్కడ నేర్పేది సంప్రదాయ శిల్పకళ, చిత్రకళ. ఈమె దారి వేరు.

బీఎఫ్‌ఏ చదువుతుండగానే జువాలజీ పుస్తకాలకు, పరిశోధన పత్రాలకు బొమ్మలు వేసే పని వెతుక్కోమనండి. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ, ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ) రెండూ ఉన్నాయి, అక్కడి అధ్యాపకులకు తన స్కెచ్‌బుక్ చూపించి అడగొచ్చు. ఖరీదైన ఆయిల్ రంగులు, కాన్వాసులు మాత్రం ఇప్పుడే కొనివ్వకండి.