లెక్కల్లో చురుకైన పిల్లాడికి ఇంట్లో ఏ పుస్తకం?

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. లెక్కలంటే ప్రాణం. క్లాసులో చెప్పేవన్నీ వాడికి ముందే వచ్చు. అందుకే ఈ ఏడాది బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. సింగపూర్ మ్యాథ్స్, బీస్ట్ అకాడమీ, ఎన్‌సీఈఆర్‌టీల్లో ఏది తీసుకోవాలో తేలడం లేదు. బంధువులేమో ఐఐటీ ఫౌండేషన్‌లో వేయమంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ఏదైనా కొనేముందు బాబుకి ఒక లెక్క ఇచ్చి పక్కన కూర్చోండి. 1 నుంచి 100 వరకు వరసగా రాసుకుంటూ పోతే 9 అంకె ఎన్నిసార్లు వస్తుంది? చాలామంది పిల్లలు పది అనో, పదకొండు అనో టక్కున చెప్పేస్తారు. సరైన జవాబు 20. ఒకట్ల స్థానంలో పదిసార్లు, పదుల స్థానంలో పదిసార్లు. తప్పు చెప్తే కంగారు పడకండి. "ఇంకోసారి చూడు నాన్నా" అన్నాక ఏం చేస్తాడో గమనించండి. కాగితం తీసుకుని రాస్తాడా, 99 దగ్గర ఆగుతాడా, చిరాకుపడి మీ మొహం చూస్తాడా?

తనంతట తాను రాసుకుని తేల్చుకునే రకమైతే బీస్ట్ అకాడమీ బాగా నప్పుతుంది. పాఠం బొమ్మల కథలా నడుస్తుంది, దానికి జోడుగా అభ్యాస పుస్తకం ఉంటుంది. ఆ లెక్కలు నిజంగానే కఠినం. అయితే ఇంగ్లిష్ బాగా చదవగలగాలి, ఖర్చూ ఎక్కువే. జవాబు వెంటనే రాకపోతే డీలాపడే పిల్లాడికి సింగపూర్ పద్ధతి మేలు. ముందు వస్తువులతో, తర్వాత బొమ్మలతో, ఆ తర్వాతే అంకెలతో చెప్తారు. ఏది ఎంచుకున్నా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం పక్కన ఉండాల్సిందే. వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, రేపు పరీక్ష రాయాల్సిన సిలబస్‌కీ దగ్గరగా ఉంటుంది. ఒక ప్రధాన పుస్తకం, ఒక తోడు పుస్తకం. మూడూ కొంటే ఏదీ పూర్తి కాదు.

ఏ తరగతి పుస్తకంతో మొదలుపెట్టాలన్నది అసలు చిక్కు. తెలివైన పిల్లాడు కదా అని రెండు తరగతులు ఎగరేయించాలని అందరికీ అనిపిస్తుంది. అక్కడ తొందరపడొద్దని గట్టిగా చెప్తున్నాను. భిన్నాల భాగహారం వచ్చు అంటాడనుకోండి. ముప్పావుని అరతో భాగిస్తే ఒకటిన్నర ఎందుకు వస్తుందో బొమ్మ గీసి చూపించమనండి. తలకిందులు చేసి గుణించడం మాత్రమే వస్తే, ఆ పాఠం వాడికి ఇంకా రానట్టే. బొమ్మ గీసి చెప్పగలిగితే మాత్రం మళ్లీ అదే చేయించి విసిగించకండి, ముందుకు పోనివ్వండి. ఇలా ఒక్కో పాఠానికీ చూసుకుంటే గుణకారంలో ఆరో తరగతి స్థాయిలో, భిన్నాల్లో నాలుగులో ఉండొచ్చు. అలా ఉండగలగడమే ఇంటి చదువులో ఉన్న సుఖం.

ఫౌండేషన్ మాటకొస్తే, తొమ్మిదేళ్లకు వద్దు. పై తరగతుల సూత్రాలు ముందే బట్టీ పట్టించి, గడియారం పెట్టి బిట్లు చేయిస్తే, ఆలోచించే పిల్లాడు ఊహించి టిక్కు పెట్టేవాడిగా మారతాడు. ఈ మార్పును చాలా ఇళ్లల్లో చూశాను, బాధేస్తుంది. వాడికి నిజంగా పోటీ కావాలంటే ఐఓక్యూఎం అనే పరీక్ష ఉంది. మ్యాథ్స్ ఒలింపియాడ్‌కి అది తొలి మెట్టు. మూడు గంటల్లో 30 ప్రశ్నలు. ఆప్షన్లు ఉండవు, జవాబుగా రెండంకెల సంఖ్య రాయాలి. అది సాధారణంగా ఎనిమిదో తరగతి నుంచి. అంటే బోలెడంత సమయం ఉంది.

సర్టిఫికెట్ గురించి బెంగ వద్దు. ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్లో పద్నాలుగేళ్లు నిండాక పదో తరగతి కట్టొచ్చు. ఆ తర్వాత అక్కడే ఇంటర్ స్థాయి అయిదు సబ్జెక్టులతో పాసైతే జేఈఈకీ చెల్లుతుంది. దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. తెలంగాణ ఓపెన్ స్కూలూ ఉంది. ఇంటి చదువుకు మన దగ్గర విడిగా నియమాలేమీ లేవు కాబట్టి బడి ఇచ్చిన టీసీ, మార్కుల కాగితాలు జాగ్రత్తగా దాచండి.

ఇక మీ పాత్ర. మీకు లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు. రోజుకు ముప్పావుగంట పక్కన కూర్చుని "ఎందుకలా చేశావు?" అని అడగండి, జవాబు సరిగ్గా వచ్చినప్పుడు కూడా. వెనక ఉన్న జవాబుల పేజీలు మీ దగ్గరే పెట్టుకోండి. ఒక లెక్క రెండు రోజులైనా తేలకపోతే దాన్ని ఫ్రిజ్‌కి అంటించి, వేరేది మొదలుపెట్టించండి.