ఆ వీడియో పెట్టేముందు, అమ్మలూ

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఎన్నికలయ్యేదాకా రోజుకో వీడియో పెడతావట కదా, నాయకుడు అప్పుడేమన్నాడు, ఇప్పుడేమంటున్నాడు అని రెండూ పక్కపక్కన. నీ పట్టుదల చూసి గర్వంగా అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నా. పొడుగైనా చివరిదాకా చదువు.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. మాటని ముందూ వెనకా కత్తిరించకు. తేదీ వెయ్యి. మనిషి ఆలోచించి మనసు మార్చుకుని, ఎందుకు మార్చుకున్నాడో చెప్పి ఉంటే వదిలెయ్. ఇంట్లోవాళ్ళ జోలికి మాత్రం అస్సలు పోకు. ఇది ఎందుకంటున్నానో మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

నాకప్పుడు 27 ఏళ్ళు. ఒక ప్రభుత్వ బడిని మూసేస్తామంటే వద్దని కొందరం తిరుగుతున్నాం. మూసేయాలంటున్న నాయకుడే అంతకు రెండేళ్ళ ముందు ప్రభుత్వ బడులను ఆకాశానికెత్తుతూ మాట్లాడాడు, ఆ పేపర్ కటింగ్ నాకు దొరికింది. పైగా ఆయన పిల్లలు ఖరీదైన ప్రైవేటు బడిలో ఉన్నారు. ఇంకేం కావాలి అనుకున్నా. సభలో కటింగ్ చదివి, ఈయన పిల్లలు ఎక్కడ చదువుతున్నారో అడగండి అని గొంతు చించుకున్నా. చప్పట్లు మోగిపోయాయి. ఇంతలో వెనకనించి ఎవరో లేచి, మరి మీ నాయకుడి పిల్లలెక్కడ అన్నారు. వాళ్ళూ ప్రైవేటు బడిలోనే. ఇక గంటసేపు ఎవరి పిల్లలు ఎక్కడ అన్నదే గొడవ. బడి మూస్తే ఏ పిల్లలు ఎంత దూరం నడవాలో ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న కాగితం నా జేబులోంచి బయటికే రాలేదు.

రెండో వరసలో నా స్నేహితుడు కూర్చున్నాడు. ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళం. వాడు ఆ నాయకుడికే ఓటేసేవాడు, నేను బతిమాలితే మొదటిసారి మా సభకి వచ్చాడు. అంతకు ముందు ఏడే అప్పు చేసి కూతుర్ని ప్రైవేటు బడిలో వేశాడు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసి కూడా ఆ నిమిషంలో గుర్తు రాలేదు. నాయకుణ్ణి అన్న ప్రతి మాటా వాడికి తగిలింది. మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. వారం తర్వాత ఇంటికి వెళ్తే ఒక్కటే అన్నాడు: "బడి ఉండాలనే నేనూ వచ్చాను. నువ్వు నన్ను దొంగని చేసి పంపించావు."

బడి నావల్లే మూతపడిందని అనను. మా వైపు వద్దామని వచ్చిన మనిషి వెనక్కి పోయాడు, అది మాత్రం నావల్లే. ఇప్పుడు పెళ్ళిళ్ళలో కనిపిస్తే బాగున్నావా అంటాడు, అంతే.

తర్వాత దీని గురించి చాలా చదివాను. 2017లో జిలియన్ జోర్డన్, మరో ముగ్గురు పరిశోధకులు, చెప్పేదొకటి చేసేదొకటి అయినవాళ్ళని మనం ఎందుకంత అసహ్యించుకుంటామో పరీక్షించారు. తప్పు చేసినందుకన్నా, నీతులు చెప్పి తనేదో మంచివాడన్నట్టు మనల్ని నమ్మించినందుకే కోపమట. నేనూ అప్పుడప్పుడు ఆ తప్పు చేస్తాను అని ఒప్పుకున్నవాళ్ళ మీద అంత కోపం రాలేదు. నువ్వు ముందు నీ పార్టీ చేసిన తప్పు ఒకటి ఒప్పుకుంటే, "మీవాళ్ళు మాత్రం?" అని అడిగేవాడికి అడగడానికి ఏం మిగలదు.

ఇంకోటి, 1992లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా క్రూజ్‌లో జరిగింది. ఈత కొట్టి వస్తున్న అమ్మాయిల చేత నీళ్ళు పొదుపు చెయ్యండి అన్న పోస్టర్ మీద సంతకం పెట్టించి, వాళ్ళు స్వయంగా ఎన్ని నీళ్ళు వాడుతున్నారో గుర్తుచేసే ప్రశ్నలు అడిగారు. ఇవేవీ చెయ్యనివాళ్ళ కన్నా వాళ్ళు షవర్ కింద నిమిషం పైన తక్కువసేపు ఉన్నారు. ఎవరూ వాళ్ళని వేలెత్తి చూపలేదు, తమ మాటకీ చేతకీ తేడా వాళ్ళే చూసుకున్నారు. నా స్నేహితుణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుని, నీకెలాంటి బడి కావాలిరా అని అడిగి ఉంటే ఎంత బాగుండేది!

బానిసగా పుట్టి, తప్పించుకుని, అమెరికాలో బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ కూడా మాటకీ చేతకీ తేడా ఎత్తిచూపే పనే చేశాడు కదా అన్నావట. నిజమే, 1852 జూలై 5న రోచెస్టర్‌లో అమెరికా స్వాతంత్ర్య సంబరాన్ని పచ్చి కపటమన్నాడు. కానీ ఆయన్ని పిలిచింది బానిసత్వాన్ని వ్యతిరేకించే మహిళా సంఘం. అంటే ఎదురుగా చాలావరకు ఆయన వైపు వాళ్ళే, వాళ్ళని కదిలించాలి. పైగా ఆయన స్వాతంత్ర్య ప్రకటనలోని సూత్రాలను కాదనలేదు, వాటికి కట్టుబడమని అడిగాడు. నీ వీడియోలు కూడా నీవాళ్ళని కదిలించడానికైతే నిక్షేపంగా పెట్టు, అదీ కావలసిన పనే. అవతలివాళ్ళని మార్చడానికని మాత్రం అనుకోకు. లైకులు చూసి మోసపోతావు తల్లీ, నేను చప్పట్లు విని మోసపోయినట్టు.

నాయకుడికి ఏమీ కాదే, వాడు రేపు ఇంకో మాట అంటాడు. నా భయమంతా వాడికి ఓటేసే నీ స్నేహితుల గురించి. ఎవరెవరున్నారో ఒకసారి గుర్తు తెచ్చుకో. మొదటి వీడియో తయారవగానే పెట్టేయకు, ఒక రాత్రి ఆపి పొద్దున నాకు పంపు. ఎన్ని గంటలకైనా సరే చూస్తాను.

నీ మామయ్య