ట్యాగుల సెట్టింగు గురించి మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకి మామయ్య దీవెనలు.

కావలి షాపులో ర్యాకులన్నిటికీ ఎలక్ట్రానిక్ ధర ట్యాగులు పెట్టిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. కంప్యూటర్లో రేటు మార్చగానే ట్యాగు మీద టక్కున మారాలని, అయిదు సెకన్లకోసారి చెక్ చేసుకునేలా పెట్టమన్నావట. అది మాత్రం వద్దు అబ్బయ్యా.

ట్యాగు మీద అంకె నిలబడడానికి కరెంటు అక్కర్లేదు. ఈ-పేపర్ కాబట్టి లోపలి సెల్లు (బ్యాటరీ) పీకేసినా రేటు అలాగే కనబడుతుంది. సెల్లుని తినేవి ముఖ్యంగా రెండే పనులు. తనకేమైనా కబురుందా అని రేడియో తెరిచి వినడం ఒకటి, తెర మార్చుకోవడం రెండోది. అయిదు సెకన్లకోసారి అంటే రోజుకి 17,280 సార్లు లేస్తుంది. నిమిషానికోసారి అంటే 1,440. ఇంతా లేచి అది వినేదేముంది? సబ్బులు, బిస్కెట్లు ఎమ్మార్పీ మీద నెలల తరబడి కదలవు. రోజూ కదిలేవి కూరగాయలు, గుడ్లు. అవి కూడా పొద్దున ఒక్కసారే కదా.

నీ భయమేమిటో నాకు తెలుసు. ర్యాకులో ఒక రేటు, బిల్లులో ఒక రేటు పడితే జనం కౌంటరు దగ్గర ఊరుకోరు. ఊరుకోకూడదు కూడా. అయితే ట్యాగుని తరిమినంత మాత్రాన ఆ గొడవ తీరదు. ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గరే తీరుతుంది. రేటు పెంచేటప్పుడు ముందు ట్యాగు మారాలి, మారినట్టు దాన్నుంచి జవాబు రావాలి, ఆ తర్వాతే బిల్లింగులో పెరగాలి. తగ్గించేటప్పుడు ముందు బిల్లింగులో తగ్గించెయ్, ట్యాగు నింపాదిగా మారుతుంది. విడి కందిపప్పు కిలో 140 నుంచి 146 చేస్తున్నావనుకో. ట్యాగు 146 చూపిస్తుంటే బిల్లు 140 పడినా నిన్నెవరూ నిలదీయరు. పాత రేటు చూసి బుట్టలో వేసుకుని, పావుగంట తిరిగి కౌంటరుకొచ్చేవాళ్ల సంగతేమిటంటావు. వాళ్లకి అయిదు సెకన్ల సెట్టింగు కూడా అక్కరకు రాదు. అందుకే పెంపుదలలన్నీ షట్టరు దించాకే పంపు.

ఇక సెట్టింగు. కూరగాయలు, గుడ్ల ట్యాగులు ఒక గ్రూపు, వాటికి నిమిషం చాలు. మిగతావాటికి మూడు నాలుగు నిమిషాలైనా పరవాలేదు. మీ సాఫ్ట్‌వేర్లో రాత్రికి వేరే టైము పెట్టుకునే వీలుంటే, పెంపుదలలకి జవాబులన్నీ వచ్చాక పదిహేను నిమిషాలకి మార్చు. ఎనిమిది గంటల్లో 32 సార్లే లేస్తుంది. తలుపు తీయడానికి గంట ముందే పగటి టైముకి తిప్పెయ్, లేకపోతే పొద్దుటి రేట్లు ఆలస్యంగా ఎక్కుతాయి. సరుకు వెతకడానికి మెరిసే లైటు ఇస్తామంటారు. అది పనిచేయాలంటే ట్యాగు తొందర తొందరగా లేవాలి. నీ షాపంతటికీ కుర్రాళ్లు ఇద్దరు, వాళ్లకి లైటెందుకు?

ఎరుపు రంగు చూడ్డానికి బాగుంటుంది. కానీ ఎరుపు ఉన్న తెర మారడానికి పది పదిహేను సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, అంతసేపూ కరెంటు లాగుతుంది. రోజూ మారే సరుక్కి నలుపు తెలుపు ట్యాగులే తీసుకో, ఎరుపు ఆఫర్లకి ఉంచు.

కంప్యూటర్ నుంచి ట్యాగులకి రేడియోలో కబురు పంపే గేట్‌వే పెట్టె గురించి కాస్త గట్టిగా చెప్తాను, చాలామంది సెల్లులు ఖాళీ చేసుకునేది అక్కడే. మన దగ్గర ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పెట్టె ఆగిపోతే చాలా రకాల ట్యాగులు పిలుపు వినబడక దాన్నే వెతుక్కుంటూ రేడియో తెరిచి పెడతాయి. ఆ వెతుకులాటలో పోయేంత సెల్లు మామూలు రోజుల్లో పోదు. ఏసీకి లేకపోయినా సరే, దానికి యూపీఎస్ ఉండాలి. పెట్టెని ఇనప ర్యాకుల వెనకాల దాచకుండా సీలింగుకి బిగించు. సిగ్నల్ సరిగ్గా అందని ట్యాగు ఒకే కబురుకి నాలుగైదుసార్లు లేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ రకమైతే మీ వైఫై చానల్‌కి దూరంగా ఉండే చానల్ ఇమ్మను.

రొయ్యల ఫ్రీజర్ లోపల మామూలు ట్యాగు పెట్టొద్దు. చలికి సెల్లు నీరసిస్తుంది, తెర కూడా సరిగ్గా మారదు. బయట పిడి పక్కన తగిలించు. వీధి వైపు అద్దం దగ్గర మే నెల ఎండ నేరుగా పడే చోటా వద్దు.

సెల్లు పర్సెంటేజీని చూసి మురిసిపోకు. లిథియం బటన్ సెల్ వోల్టేజి చివరిదాకా మూడు వోల్టుల దగ్గరే నిలబడి, ఆఖర్న ఒక్కసారిగా పడిపోతుంది. ఏ ట్యాగులో ఏ నెలలో వేశావో రాసుకో, రెండు సెల్లులున్న ట్యాగులో రెండూ కలిపే మార్చు.

ట్యాగు వెనక మూత తీసి లోపల సెల్లు నంబరు ఫోటో పంపు. 2450 అయితే నెల్లూరులో తీసుకుని బస్సుకి వేస్తాను. 2032 ఇస్తే తీసుకోవద్దు, అది చిన్నది, అందులో వదులుగా ఆడుతుంది.

మీ మామయ్య