హైదరాబాద్‌లో ఉంటాను, బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేశాను. ఎంబీబీఎస్ లేకుండా క్యాన్సర్ పరిశోధనలోకి వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చండీ. రోగికి మందు రాసేది డాక్టరే, కానీ ఆ మందు కణం లోపల ఏం చేస్తోందో తేల్చే పని చాలావరకు ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ వాళ్ళదే. మీరు బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ అన్నారు కాబట్టి మళ్ళీ ఇంకో పీజీ అక్కర్లేదు, ముందు సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్ళకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) కొట్టండి. 2023 నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, దాంతో పాటు ఇంటద్దె భత్యం. పేరులోనే క్యాన్సర్ ఉన్న చోటు కావాలంటే నవీ ముంబయి ఖార్‌ఘర్‌లో టాటా మెమోరియల్ వాళ్ళ క్యాన్సర్ పరిశోధన కేంద్రం యాక్ట్రెక్ ఉంది, ఊరు దాటడం ఇష్టం లేకపోతే హైదరాబాద్‌లోనే సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ), సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరిశోధన సంస్థ) ఉన్నాయి.

అయితే రోజువారీ పని ఎలా ఉంటుందో తెలుసుకుని రండి. 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెంచిన హీలా కణాలను (ల్యాబుల్లో వాడే ఒక రకం క్యాన్సర్ కణాలు) 96 గుంటల ప్లేటులో వేసి, మందు కలిపి, రెండు మూడు రోజులు ఆగి ఎంటీటీ అనే పసుపు రంగు ద్రవం పోస్తారు. బతికున్న కణాలు దాన్ని ఊదారంగు స్ఫటికాలుగా మారుస్తాయి. రంగు తగ్గిందంటే మందు పనిచేసినట్టే అనిపిస్తుంది గానీ, కణాలు చచ్చాయా, ఊరికే పెరగడం ఆపాయా అన్నది ఈ ఒక్క పరీక్షతో తేలదు. ఇంటర్వ్యూలో సరిగ్గా ఇక్కడే అడుగుతారు! మధ్యలో కణాలకు మైకోప్లాస్మా అనే చిన్న బ్యాక్టీరియా పట్టిందంటే, మామూలు మైక్రోస్కోపులో కూడా కనిపించదు, నెలల పని గంగలో కలుస్తుంది.

ల్యాబు పేరు కంటే గైడు ముఖ్యం, అక్కడి సీనియర్లతో ఓసారి మాట్లాడాకే చేరండి.